బట్టు బాబాయి

"ఆ హాలు తాళంచెవి ఇలా ఇవ్వమ్మాయ్," అన్నారు మామగారు చెయ్యి చాచి.

కోడలు ఇవ్వలేదు. గుప్పిట ఇంకా గట్టిగా బిగించింది.

"క్లాసుకి టైమవుతోంది."

"అవనివ్వండి మామయ్యా."

"పిల్లలొచ్చి గుమ్మంలో నిలబడతారు."

"నిలబడనివ్వండి."

ఊళ్లో అందరూ 'ధ్వని మాస్టారు' అనే మామగారి ముఖం మీద ఇంతవరకూ ఎవరూ అలా వరసగా రెండు మాటలు అనలేదు. వంటింటి గుమ్మంలో అత్తగారి చేతిలోని గరిటె ఉన్నచోటే ఆగిపోయింది. బల్ల దగ్గర కోడలి భర్త మాత్రం రొట్టె ముక్క మీద జామ్ రాసుకుంటూనే ఉన్నాడు. అంచులకంటా, మూలలు వదలకుండా, గోడకి సున్నం వేస్తున్నంత శ్రద్ధగా.

నిన్న మధ్యాహ్నం నుంచి కోడలికి ముద్ద దిగలేదు. ఆకలి లేక కాదు. అసహ్యం.

నిన్న మధ్యాహ్నం ఆమె పైన బట్టలు మడతపెడుతోంది. కింద హాల్లో క్లాసు నడుస్తోంది. ఆ వేళప్పుడు జరిగేది 'తప్పుల గంట' అని ఇంట్లో అందరికీ తెలుసు. ఇంగ్లీషు ఉచ్చారణ నేర్పడంలో మామగారు సొంతంగా కనిపెట్టిన పద్ధతి అది. మన మాటలన్నీ దాదాపు అచ్చుతో ముగుస్తాయి. ఇంగ్లీషు మాట చాలాసార్లు హల్లు దగ్గర టక్కున ఆగిపోతుంది. ఆగాల్సిన చోట ఆగకుండా, 'బస్'ని 'బస్సు' చేస్తూ మనవాళ్లు చివర తగిలించే చిన్న 'ఉ'ని మామగారు 'తోక' అంటారు. ఎవరివో తప్పుల మాటలు రికార్డు వేస్తారు. తోక వినపడ్డ ప్రతిచోటా క్లాసంతా ఒక్కసారిగా బల్ల గుద్దాలి.

పెళ్లయి వచ్చిన కొత్తలో ఆ చప్పుడు ఆమెకి తెగ నచ్చింది. తనూ కాలేజీలో ధ్వనిశాస్త్రం చదువుకుంది. ఇంట్లోనే ఇలాంటి బడి ఉండటం, పొద్దున్నే కింద నుంచి, పిల్లలు పెదాల కదలిక చూసుకునే అద్దాల గలగల వినపడటం, మామగారు తనకీ ఒక క్లాసు అప్పగించడం... అదృష్టమంటే ఇదేననుకుంది.

నిన్న ఆ బల్లగుద్దుల మధ్య ఆమెకి ఏదో తెలిసిన గొంతు తగిలింది. మెట్లు దిగింది. తలుపు దగ్గర నిలబడింది. లోపల స్పీకర్లో ఆమె తండ్రి మాట్లాడుతున్నాడు. పెళ్లి విందులో మైకు పట్టుకుని, వియ్యాలవారి మర్యాద కోసం, రాని ఇంగ్లీషులో చెప్పుకున్న నాలుగు మాటలు అవి. ప్రతి మాటకీ అరచేతులు బల్లల మీద పడుతున్నాయి. ప్రతి గుద్దుకీ నవ్వులు.

"ఇంతకీ కొంపలు మునిగేలా ఏమైందని?" అత్తగారికి గరిటెతోపాటు గొంతూ తిరిగొచ్చింది. "పేరు చెప్పామా, ఎవరని చెప్పామా? ఎవరిదో గొంతు. అంతే కదా."

"మా నాన్న గొంతు అత్తయ్యా."

"అది నీకు తెలుసు, మాకు తెలుసు. బల్ల గుద్దేవాళ్లకి తెలుసా?"

"మనకి తెలిస్తే చాలదా?"

అత్తగారు తుడిచిన బల్లనే మళ్లీ తుడవడం మొదలుపెట్టింది.

"నువ్వు చదువుకున్నదానివి. నువ్వే ఇలా అంటే ఎలాగమ్మా?" మామగారు గొంతు మార్చారు. క్లాసులో మొండి విద్యార్థికి వాడే గొంతు. "నేను వైద్యుడిలాంటివాణ్ణి. రోగం చూపించకుండా మందు ఎలా చెప్పను? అసలు మీ నాన్నగారివి ఎంత స్వచ్ఛమైన తోకలు! ఒక్క మాట వదల్లేదు మనిషి. ఇన్నేళ్లలో అలాంటి నమూనా నాకు దొరకలేదు. ఆణిముత్యాలమ్మా!"

ఆయన మెచ్చుకుంటున్నాననే అనుకుంటున్నారు. కోడలికి మాత్రం అది చచ్చిన సీతాకోకచిలుకని అట్టకి గుచ్చి, ఎంత అందంగా ఉందో చూడమన్నట్టుంది.

"అంత నమూనా కావాలంటే మీ గొంతే వెయ్యండి మామయ్యా. మీరు నేర్చుకోకముందుది."

"నేనెప్పుడూ అలా మాట్లాడలేదు."

అత్తగారు చిన్నగా దగ్గింది. మామగారు అటు చూశారు. ఆవిడ గబగబా గరిటె కడగడానికి వెళ్లిపోయింది.

"ఏవండీ," కోడలు భర్త వైపు తిరిగింది. నలుగురిలో 'ఏవండీ', 'మీరు'. గది తలుపు వేశాక 'నువ్వు', 'ఒరేయ్', ఇంకా నానా పేర్లూ. ఆ రెండు భాషల మధ్య గుమ్మం దాటడం కూడా ఆమెకి మొన్నటిదాకా పెద్ద సరదా. "మీరైనా ఏమైనా అంటారా?"

అతను నోరు నిండా రొట్టెతో తలూపాడు. అవునని ఊపాడో కాదని ఊపాడో ఆ రొట్టెకే తెలియాలి. పెదవి చివర ఎర్రటి జామ్ అంటుకుని ఉంది. మొన్నటిదాకా అయితే వేలితో తుడిచి నవ్వేది. ఇవాళ ఆ మరక చూస్తుంటే నోట్లో నీళ్లూరుతున్నాయి. వాంతికి ముందు ఊరే నీళ్లు.

"ఇంకాసేపట్లో మా నాన్న వస్తున్నారు," అంది కోడలు. "క్లాసులో చేరడానికి. ఎవరు పిలిచారో గుర్తుందా మామయ్యా? మీరే. పెళ్లిలో అందరి ముందూ భుజం మీద చెయ్యి వేసి, 'బావగారూ, మా క్లాసులో మీకో సీటు ఎప్పుడూ ఉంటుంది' అన్నారు. ఆయన దాన్ని నిజమనుకున్నారు. సెలవు పెట్టుకుని మరీ వస్తున్నారు."

అది తాను మర్యాదకి అన్న మాటని మామగారికి అప్పుడు గుర్తొచ్చినట్టుంది.

పొద్దుట్నుంచీ ఆమె తండ్రికి ఫోన్ చేస్తూనే ఉంది. మోగి మోగి ఆగిపోతోంది. ఆయన సిటీ బస్సు డ్రైవరు. తను నడపకపోయినా సరే, బస్సులో కూర్చుంటే ఫోన్ ఎత్తడు. చేతులు ఒళ్లో పెట్టుకుని, అవతల నడిపే డ్రైవరు గేర్లు ఎలా వేస్తున్నాడో వింటూ కూర్చుంటాడు.

"సరే," అన్నారు మామగారు చివరికి. "ఇవాళ అది వెయ్యను. అద్దాల పాఠం చెప్పి వదిలేస్తాను. మాటిస్తున్నాను. ఇహ తాళంచెవి ఇవ్వు."

"ఇవాళ కాదు. ఎప్పుడూ."

"ముందు ఇవాళ సంగతి చూద్దాం."

ఆ జవాబు ఆమెకి నచ్చలేదు. కానీ కింద గుమ్మంలో అడుగుల చప్పుడు మొదలైంది. తాళంచెవి బల్ల మీద పెట్టింది. ఆయన చేతిలో పెట్టడానికి మనసొప్పలేదు.

గదిలోకి రాగానే భర్త తలుపు దగ్గరగా వేశాడు. వెనకనుంచి వచ్చి ఆమె గొంతు మీద వేలు ఆనించాడు.

"ఏదీ, నా తేనెటీగ ఏమంటోంది?"

అది వాళ్లిద్దరి ఆట. పెళ్లయిన కొత్తలో ఒక ఆదివారం అతను ఆమె వేలు ఆమె గొంతు మీదే పెట్టించి, ముందు పాము బుసలాంటి శబ్దం అనమన్నాడు. గొంతు కదల్లేదు. తర్వాత తేనెటీగలా అనమన్నాడు. వేలి కింద గొంతు జుమ్మంది. నోట్లో నాలుక ఉన్నచోటే ఉంది, గొంతు మోగితే ఒక శబ్దం, మోగకపోతే ఇంకో శబ్దం. పరీక్షకి చదివి రాసిన సంగతే అయినా, అతని వేలి కింద వింటే కొత్తగా వినపడింది. ఆ రోజు నుంచీ ఆమె పేరు తేనెటీగ.

ఇవాళ ఆ వేలు తగలగానే ఏదో జిగురు పురుగు పాకినట్టనిపించింది. విదిలించుకుంది. అతని ఊపిరి జామ్ వాసనేస్తోంది.

"ముందు నోరు కడుక్కో."

"అబ్బ, ఎంతసేపే ఈ కోపం? నాన్న మాటిచ్చారుగా."

"నిన్న నన్నేమన్నావు? నాన్న మాటల రికార్డు మామయ్యే నీ ఫోన్లోంచి తీసుకున్నారన్నావు."

"అవును. తీసుకున్నారు."

"మామయ్యకి ఫోన్లో ఫోటో వెతకడమే రాదు. చదువుకునే కళ్లజోడు నెత్తి మీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతారు. అలాంటిది ఆయనకి మధ్యలో కత్తిరించడం వచ్చా?"

బడిలో రికార్డింగులన్నీ చూసేది అతనే. పిల్లలందరూ 'మైకు సార్' అంటారు.

"సరే, నేనే చేశాను," అన్నాడు. అని ఊరుకున్నా బాగుండేది. అతని ముఖంలో మెల్లగా ఒక వెలుగు వచ్చింది. పని బాగా చేసిన మనిషి ముఖంలో వచ్చే వెలుగు. "అసలు ఒరిజినల్ ఎలా ఉందో తెలుసా? కుర్చీల చప్పుడు, గిన్నెల చప్పుడు, వెనకాల ఎవరో పిల్లాడి ఏడుపు. ఆ హోరంతా తీసేశాను. మాట ఎంత శుభ్రంగా వస్తోందో విన్నావా? స్టూడియోలో మాట్లాడినట్టు లేదూ?"

ఆమె ఒకడుగు వెనక్కి వేసింది.

"పైగా నీ ప్రస్తావన రాకముందే ఆపేశాను. నీకు ఇబ్బంది ఉండకూడదని."

"నాకు ఇబ్బంది ఉండకూడదని," అంది ఆమె.

ఏ అక్షరం మీదా బరువు లేకుండా, చదునుగా అంది. ఇంగ్లీషు మాటకి ఎక్కడో ఒకచోట బరువు పడితేనే ప్రాణమని పిల్లలకి రోజూ బల్ల మీద తట్టి చెప్పే మనిషి అతను. ఆ బరువు లేని మాట విని అతనికి మొదటిసారి భయం వేసింది.

"నాన్న 'బట్' అనబోయి 'బట్టు' అన్న చోట ఆపావు. దాని తర్వాత ఏముందో గుర్తుందా?"

"ఏదో అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారుగా."

"ఏమన్నారు?"

అతను పైకప్పు వైపు చూశాడు. నుదురు రుద్దుకున్నాడు. నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు పాపం.

"నీ చేత్తో నువ్వే కత్తిరించావు," అందామె. "ఏం కత్తిరించావో కూడా నీకు గుర్తు లేదు."

అబద్ధం చెప్పాడని కాదు. తండ్రి చాటున దాక్కున్నాడని కూడా కాదు. ఆ మాటలు ఇతని చెవుల్లోకి హోరులాగే వెళ్లాయి, హోరులాగే తీసేశాడు. మొన్నటిదాకా ఆ చెవి తమ్మెలు ఎంత ముద్దుగా ఉన్నాయో అనుకుంటూ నిద్రపోయేది. ఇప్పుడు వాటివైపు చూడలేక కిటికీ వైపు తిరిగింది.

"చిట్టితల్లీ!" మెట్ల మీద నుంచి కేక వినపడింది.

ఆ కేకకి చివరంటూ ఉండదు. బస్సు హారన్‌లా వంపు తిరిగి ఇంట్లోకి వస్తుంది.

తండ్రి కొత్త చొక్కా వేసుకొచ్చాడు. మడతలు ఇంకా విప్పుకోలేదు. జేబులోంచి చిన్న అద్దం, దాని పక్కన నిలువుగా చింపిన కాగితం ముక్క తొంగిచూస్తున్నాయి. పెళ్లయిన కొత్తలో సంబరం పట్టలేక ఆమే ఫోన్లో చెప్పింది, ఉచ్చారణ నేర్చుకోవాలంటే పెదాలు చూసుకోవడానికి అద్దం, ఊపిరి చూసుకోవడానికి కాగితం ఉండాలని.

"బస్టాపులో ప్రాక్టీసు చేశానమ్మా. చూడు." కాగితం పెదాల ముందు పట్టుకుని 'పెన్' అన్నాడు. కాగితం కదల్లేదు. రెండోసారి ఊపిరి కొంచెం తోసి అన్నాడు. కాగితం ఎగిరి పడింది. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఎగిరింది! పక్కనున్న ముసలాయన నాకు దయ్యం పట్టిందనుకుని ఇంకో బస్సెక్కి పోయాడు."

ఆమెకి నవ్వొచ్చింది.

"నాన్నా, ఇవాళ క్లాసొద్దు. సరదాగా సినిమాకి పోదాం."

"సినిమా ఎక్కడికి పోతుందమ్మా? నాకు ఎయిర్‌పోర్టు రూటు వేశారు. చెప్పాను కదూ? మొన్న ఒకావిడ ఏదో అడిగింది, నేనేదో చెప్పాను. చక్కగా నవ్వి ఎక్కడో దిగిపోయింది. బస్సు కదిలాక అద్దంలో చూస్తే వానలో పెట్టెలు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది. నేను చెప్పింది ఆవిడకి అర్థమే కాలేదన్నమాట." ఆయన కాగితం జేబులో పెట్టుకున్నాడు. "ఆ మనిషి నా కళ్లముందే కదులుతోందమ్మా. నేర్చుకోవాలి."

అప్పుడే చెప్పేస్తే సరిపోయేది. ఆమె నోరు తెరిచింది కూడా. కానీ 'నాన్నా, ఈ ఇంట్లో నీ గొంతు వేసి బల్లలు గుద్దుతున్నారు' అన్న మాట ఏ హల్లుతో మొదలుపెట్టాలో తెలియలేదు. చెబితే ఆయన ముఖంలో ఆ వెలుగు ఆరిపోవడం తనే చూడాలి.

"రండి అన్నయ్యగారూ, టీ తాగుతారా?" అత్తగారు తియ్యగా పలకరించింది.

కింద హాల్లో ముందు బల్ల మీద, హోటల్ రిసెప్షన్‌లో పనిచేసే అమ్మాయి పక్కన తండ్రికి చోటు దొరికింది. కోడలు వెనక గోడకి ఆనుకుని నిలబడింది. భర్త మూల బల్ల దగ్గర తన పెట్టెలూ తీగల మధ్య తలొంచుకుని కూర్చున్నాడు.

మామగారు మాట మీదే ఉన్నారు. అద్దాల పాఠం మొదలుపెట్టారు. మనకి ఒక్కటే 'వ' అని, ఇంగ్లీషులో రెండని చెప్పారు. పై పళ్లు కింది పెదవిని తాకితే ఒకటి, ఈల వెయ్యబోతున్నట్టు పెదాలు గుండ్రంగా ముడుచుకుంటే ఇంకొకటి. చూసుకోండి, అద్దం అబద్ధం చెప్పదు. తర్వాత నాలుక కొన పళ్ల మధ్య పెట్టి గాలి వదలమన్నారు. చిన్న టార్చిలైటు పట్టుకుని ఒక్కొక్కరి నోట్లోకి వంగి చూస్తూ నడిచారు.

కోడలికి ఇదివరకు ఈ దృశ్యం పూలతోటలా కనపడేది. ఇవాళ వరసగా తెరుచుకున్న నోళ్లు, తడి నాలుకలు, అద్దాల మీద ఆవిరి మరకలు, ఉమ్మి తుంపరలు తప్ప ఏమీ కనపడలేదు. నిన్న ఈ నోళ్లే నవ్వాయి. రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

తండ్రి ఒక్కడే ఆమెకి చూడదగ్గట్టు కనపడ్డాడు. అద్దంలోకి, వెనక వచ్చే బండిని చూసినట్టు, ఓరగా చూస్తూ కింది పెదవి కొరుక్కుంటున్నాడు.

"భేష్ బావగారూ!" అన్నారు మామగారు. "ఇక ఇవాళ్టికి..."

"సార్, తప్పుల గంట?" అని వెనక నుంచి ఒక గొంతు.

"ఇవాళ లేదు."

"అదేంటి సార్! బట్టు బాబాయిని వెయ్యండి సార్!"

క్లాసంతా కదిలింది. బట్టు బాబాయి, బట్టు బాబాయి అని పెదాలు కలిసి విడిపోయే చప్పుడు హాలంతా పాకింది. ఒక్క రాత్రిలో పేరు కూడా పెట్టేశారన్నమాట.

"బట్టు బాబాయి ఎవరమ్మా?" తండ్రి పక్కనున్న రిసెప్షన్ అమ్మాయిని అడిగాడు.

"అయ్యో, మీరు వినలేదు కదంకుల్! నిన్న చచ్చేలా నవ్వాం. ప్రతి మాటకీ తోకే."

"ఓహో, నాలాంటివాడన్నమాట." ఆయన నవ్వి మామగారి వైపు తిరిగాడు. "వెయ్యండి బావగారూ. నా కోసం మానెయ్యకండి. నాకంటే అధ్వాన్నంగా మాట్లాడేవాడు ఒకడున్నాడని తెలిస్తే కాస్త ధైర్యం వస్తుంది."

మామగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకున్నారు.

"స్పీకరు పాడైంది."

"ఇందాక బాగానే ఉంది కద సార్," అన్నాడు ఎవడో.

అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఎందుకు వెయ్యనంటున్నారో చెప్పాలి, లేదా వెయ్యాలి. తన సొంత హాల్లో, తన సొంత విద్యార్థుల ముందు, ధ్వని మాస్టారు నోట మాట లేకుండా నిలబడటం ఎన్నడూ జరగలేదు. కోడలి వైపు ఒక్కసారి చూశారు. చూపు తిప్పుకుని కొడుకు వైపు తలూపారు.

భర్త ఆమెని చూశాడు. అప్పుడైనా తీగ పీకెయ్యొచ్చు. లేచి బయటికి పోవచ్చు. పెట్టె కింద పడేసి చెయ్యి జారిందనొచ్చు.

ఆమె అరవబోయింది. తెలియకుండానే చెయ్యి గొంతు మీదికి వెళ్లింది. వేలి కింద ఏమీ మోగలేదు.

అతను బటన్ నొక్కాడు.

"లేడీసు..."

దబ్బున బల్లలు మోగాయి. తండ్రి ఉలిక్కిపడి, పద్ధతి అర్థమై, సంబరంగా అరచెయ్యి పైకెత్తాడు.

"అండ్ జెంటిల్మెను..."

ఈసారి అందరితో పాటు ఆయనా గుద్దాడు. రిసెప్షన్ అమ్మాయి ఆయన వైపు చూసి నవ్వింది. ఆయనా నవ్వాడు. మన గొంతు మనకి లోపలి ఎముకల్లోంచి వినపడుతుంది, బయటినుంచి వింటే చప్పున పోల్చుకోలేమని కోడలు ఇదే హాల్లో, ఇదే గోడ దగ్గర నిలబడి పాఠం చెప్పింది.

"స్పీచు ఈజ్ నాట్ మై వర్కు..."

దబ్. దబ్.

తండ్రి చెయ్యి రెండోసారి కిందికి రాలేదు. గాల్లోనే ఉంది.

"మై హౌసు ఈజు స్మాలు..."

దబ్. దబ్. దబ్.

ఆయన చెయ్యి మెల్లగా దిగింది. బల్ల మీద కాదు, ఒళ్లో. బస్సులో కూర్చున్నప్పుడు పెట్టుకునే చోట.

"బట్టు..."

అందరికంటే పెద్ద గుద్దు దానికే. టక్కున రికార్డు ఆగిపోయింది. క్లాసు విరగబడి నవ్వింది. ఒకడు బట్టూ అని దీర్ఘం తీశాడు. రిసెప్షన్ అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ, "విన్నారా అంకుల్?" అంది.

తండ్రి లేచి నిలబడ్డాడు. కొత్త చొక్కా మడత సవరించుకున్నాడు. నవ్వులు ఒక్కొక్కటే తగ్గాయి.

"బట్టు..." అన్నాడు ఆయన.

అదే గొంతు. స్పీకరు ఎక్కడ ఆపిందో అక్కడినుంచే.

"బట్టు, మై డాటరు వాయిసు ఈజు బిగ్గు. ఇన్ యువర్ హౌసు ఆల్సో, ప్లీజు... లిజన్ టు హరు."

మా ఇల్లు చిన్నది, కానీ మా అమ్మాయి గొంతు పెద్దది. మీ ఇంట్లో కూడా దయచేసి దాని మాట వినండి. పెళ్లిరోజు మైకు పట్టుకుని వియ్యాలవారిని ఆయన అడుక్కున్నది ఇదొక్కటే.

అందులో ఎన్ని తోకలున్నాయో. ఒక్క చెయ్యి కూడా లేవలేదు. రిసెప్షన్ అమ్మాయి తన అరచెయ్యి వైపు, అది ఎవరిదో అన్నట్టు చూసుకుంది.

"మిగతాది లేదేంటి బావగారూ?" తండ్రి మామూలుగానే అడిగాడు. కోపంగా అడిగినా బాగుండేది. "నేను చెప్పాలనుకున్నది అదొక్కటే. ముందుదంతా దాని కోసం కూడబలుక్కున్నదే."

"అది... అంటే బావగారూ... పాఠానికి కావలసినంతవరకే..." మామగారి నోట్లో టార్చిలైటు వేసి చూసినా తర్వాతి మాట కనపడేలా లేదు. ఆయన కొడుకు వైపు తిరిగారు. ఆయనతో పాటు హాలంతా తిరిగింది.

మైకు సార్ తీగలు సర్దుతున్నాడు. సర్దిన తీగలనే మళ్లీ సర్దుతున్నాడు.

కోడలు గోడ దగ్గర నుంచి కదిలింది. బల్లల మధ్య నుంచి నడిచి మూల బల్ల ముందు నిలబడింది. గుమ్మంలో అత్తగారు టీ పళ్లెం పట్టుకుని వచ్చి అక్కడే ఆగిపోయింది.

"మా నాన్న అడుగుతున్నారు," అందామె. గొంతు మీద చెయ్యి అలాగే ఉంది. ఇప్పుడు వేలి కింద మోగుతోంది. "మిగతాది ఎక్కడికి పోయిందో నువ్వు చెప్పు."

నలుగురిలో నువ్వు. అత్తగారి పళ్లెంలో కప్పులు ఒకదానికొకటి తగిలి గలగలలాడాయి. మామగారు కళ్లజోడు తియ్యడం మర్చిపోయారు.

"పోనీలే తల్లీ..." అన్నాడు తండ్రి.

"ఉండు నాన్నా. నా మాట వినమని నువ్వే కదా అడిగావు." ఆమె చూపు భర్త మీద నుంచి కదల్లేదు. "చెప్పు. నువ్వు చెప్పేదాన్ని బట్టి, నేను నాన్నతో గుమ్మం దాటాలో, నీతో మెట్లు ఎక్కాలో చూసుకుంటాను."

అతను తలెత్తాడు. ఆమెని, ఆమె వెనక కొత్త చొక్కాలో నిలబడ్డ మనిషిని, ఇంకా అవతల తన తండ్రిని చూశాడు.

మొదటి శబ్దం కోసం అతని పెదాలు రెండూ దగ్గరికొచ్చాయి. గట్టిగా కలిశాయి. వాటి వెనక ఊపిరి నిండింది, బుగ్గలు కాస్త ఉబ్బాయి.

అవి 'మా నాన్నే' అనబోయే పెదాలో, 'పొరపాటు నాది' అనబోయే పెదాలో ఆమెకి తెలియలేదు. పెదాలు విడిపోతేగాని ఎవరికీ తెలియదు. క్లాసంతా, అద్దాలు చేతుల్లో పట్టుకుని, ఆ మూసుకున్న నోటివైపే చూస్తోంది.